అనుకున్న ద్వీపం, దొరికిన ద్వీపం

ధ్యాన వాక్యభాగములు: యాకోబు 4:13–15, మార్కు 6:30–46, అపొస్తలుల కార్యములు 27:9 నుండి 28:10 వరకు



నేను బోధకుడిని కాను. కంప్యూటర్ ముందు కూర్చుని బ్రతుకుతున్న ఉద్యోగిని. శుక్రవారం కూడికలో సాక్ష్యంగా పంచుకున్న సంగతిని వ్రాసి ఇమ్మని సంఘ పెద్దలు అడిగారు గనుక వ్రాస్తున్నాను. ఇది ఒక విహారయాత్రకు సంబంధించిన సంగతి. విహారయాత్రలో వాక్యమేముంటుందని నేను కూడా అనుకునేవాడిని.

2024 జనవరిలో నేనూ నా భార్యా ఒక నిర్ణయానికి వచ్చాము. పెళ్ళయి ఆరేళ్ళు. బాబుకి మూడేళ్ళు. ఆమె ఆసుపత్రిలో నర్సు, నెలలో సగం రాత్రి డ్యూటీలే. నేను ప్రతి మూడో వారం ఆన్-కాల్‌లో ఉంటాను. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే లేచి కూర్చోవాలి. ఒకే ఇంట్లో ఉంటూ ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకుని మాట్లాడుకునే స్థితికి వచ్చాము. "ఒక్క వారం, ఎక్కడికైనా వెళ్దాం" అని ఆమె అంది. ఆ కోరికలో తప్పేమీ లేదు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఇక నా పని మొదలైంది. ఎక్సెల్ షీటు తెరిచాను. దుబాయ్ నుండి నాలుగు నుండి ఆరు గంటల ప్రయాణంలో శ్రీలంక, మాల్దీవులు, సీషెల్స్, జాంజిబార్ ఉన్నాయి. ఒక్కొక్క దానికి ఒక షీటు. టికెట్టు, వీసా, వాతావరణం, పిల్లవాడి భోజనం, దగ్గరలో వైద్యం: అన్నిటికీ మార్కులు వేశాను. మాల్దీవులు గెలిచింది. ముందుగా వీసా అక్కర లేదు. అక్కడ పొడికాలం ఏప్రిల్ వరకు ఉంటుంది, మే నుండి నైరుతి రుతుపవనాలు. ఆ యేడు రంజాన్ పండుగ ఏప్రిల్ 10న వచ్చింది. పండుగ రద్దీ దాటితే ధరలు తగ్గుతాయి. కాబట్టి ఏప్రిల్ 17 నుండి 24 వరకు. అక్కడి సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి గనుక మాలె విమానాశ్రయంలో మధ్యాహ్నంలోపు దిగాలి. దానికి తగ్గట్టు ఉదయం విమానం. అన్నీ గొలుసులాగా కలిపాను. రోజుకొక వరుస, గంటకొక గడి. పగడపు దిబ్బల దగ్గర ఈత, డాల్ఫిన్లను చూసే పడవ, ఇసుకతిన్నె మీద ఫోటోలు.

నా భార్యకు చూపించాను. చాలాసేపు చూసి, "బాగుందండీ. ఇందులో నేను పడుకునే గడి ఏది?" అని అడిగింది.

నేను నవ్వేశాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

యాకోబు తన పత్రిక నాలుగవ అధ్యాయంలో కొందరితో మాట్లాడతాడు. నేడో రేపో ఫలానా పట్టణానికి వెళ్తాము, అక్కడ ఒక సంవత్సరం ఉంటాము, వ్యాపారం చేస్తాము, లాభం పొందుతాము అనేవారు వాళ్ళు. తేదీ, చోటు, ఎన్నాళ్ళు, ఏమి పని, ఎంత రాబడి: అయిదు గడులూ నింపారు! మనలాంటివారే. రేపేమి జరుగునో మీకు తెలియదే, మీ ప్రాణము కాసేపు కనబడి మాయమయ్యే ఆవిరివంటిదే అని యాకోబు వారికి గుర్తుచేస్తాడు. ప్రభువు చిత్తమైతే బ్రతికియుండి ఇది చేస్తాము, అది చేస్తాము అని అనుకోమంటాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆయన ప్రణాళిక వేయవద్దని చెప్పలేదు. గోపురము కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు (లూకా 14:28). ప్రభువు చిత్తమైతే అన్న తరువాత కూడా ఇది చేస్తాము, అది చేస్తాము అనే మాటలు మిగిలే ఉన్నాయి. అంటే లెక్క వేయడం పాపం కాదు. రేపు నా చేతిలో ఉందనుకోవడమే అతిశయం. మన ఆఫీసులలో అరబ్బు సహోద్యోగులు ఏ గడువు చెప్పినా "ఇన్షా అల్లాహ్" అంటారు. అయితే ఆ పని కాదులే అని మనం చాటున నవ్వుకుంటాము. ఆ నవ్వేవారిలో నేనూ ఒకడిని. దేవుడు చిత్తగిస్తే అనే మాట మన వేదంలో కూడా ఉందని, దానిని పెదవులతో కాదు మనస్సుతో పలకాలని ఆ నవ్వులో మరచిపోయాను.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడే సంగతి చెప్పాలి. మా అమ్మ భీమవరం దగ్గర మా ఊరిలో ఒంటరిగా ఉంటుంది. నాన్నగారు ప్రభువునందు నిద్రించి అప్పటికి రెండేళ్ళు. రెండు క్రిస్మసులు నేను వెళ్ళలేదు. ఫిబ్రవరిలో అమ్మ ఫోనులో, "ఈ వేసవికైనా వస్తావా నాన్నా? చెట్టు నిండా కాయ పట్టింది" అంది.

"సెలవు దొరకడం లేదమ్మా" అన్నాను.

"సర్లే నాన్నా. ఉద్యోగం ముఖ్యం. దేవుడు చూసుకుంటాడు."

ఇక్కడి చట్టం ప్రకారం ఏడాది పూర్తిచేసిన ఉద్యోగికి 30 రోజుల సెలవు ఉంది. నాకూ ఉంది. అందులో ఎనిమిది రోజులకు ముందే పేరు పెట్టేశాను, మిగిలినవి "ఎందుకైనా ఉండనీ" అని దాచుకున్నాను. మార్కు సువార్త 7వ అధ్యాయంలో కొర్బాను సంగతి చదువుతాము. తల్లిదండ్రులకు ఉపయోగపడవలసిన దానిని చూపించి, ఇది దేవునికి అర్పితమైపోయింది గనుక మీకు ఇవ్వలేను అని కొందరు చెప్పేవారు. ప్రభువు దానిని తేలికగా తీసుకోలేదు. వారు కనీసం దేవుని పేరైనా చెప్పుకున్నారు. నేను క్యాలెండర్‌లో ఒక రంగు పూసి, "బ్లాక్ అయిపోయింది" అన్నాను. ఆ రోజుల్లో ఆదివారాల పాఠం కోసం ఈ అధ్యాయమే తయారుచేస్తున్నాను. అయినా నాకు తగలలేదు. సహోదరులారా, వాక్యము చేతిలో పట్టుకుని తిరిగేవాడికి కూడా అది తగలకుండా పోవచ్చు.

ఏప్రిల్ 16, మంగళవారం. మీలో ఎవరూ మరచిపోయి ఉండరు. ఈ దేశంలో 1949లో లెక్కలు మొదలైనప్పటి నుండి అంత వాన నమోదు కాలేదు. అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలలోపే 254 మిల్లీమీటర్లు దాటింది. దుబాయ్ విమానాశ్రయంలో రెండు రోజుల్లో వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. షార్జాలో మా వీధిలో సాయంత్రానికి మోకాలు దాటిన నీళ్ళు, రాత్రికి నడుము వరకు. కరెంటు పోయింది. లిఫ్టు ఆగింది. మోటారు లేదు గనుక కుళాయిలో నీళ్ళు లేవు. ఆరవ అంతస్తులో, తలుపు దగ్గర సర్దిపెట్టిన మూడు సూట్‌కేసులు. పిల్లవాడు ఈత టోపీ పెట్టుకుని కిటికీలోంచి చూసి, "నాన్నా, మాల్దీవులు వచ్చేసింది!" అన్నాడు.

నిజమే. నాలుగు వైపులా నీళ్ళు, మధ్యలో మా బిల్డింగు. ఒక వారం ద్వీపం మీద ఉండాలనుకున్నాము. ఉన్నాము.

మొదటి రాత్రి నేను చేసిన పని చెప్తాను. ఫోనులో ఉన్న ఆ కాస్త చార్జింగూ హోటలువారితో డబ్బు వాపసు గురించి వాదించడానికి ఖర్చుపెట్టాను. ఆ సమయంలో క్రింద వాచ్‌మన్ గదిలోకి నీళ్ళు వచ్చేశాయి. బంగ్లాదేశ్ మనిషి. తన మూట నెత్తిన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. నా భార్య దిగి వెళ్ళి పైకి పిలుచుకొచ్చింది. మూడేళ్ళుగా రోజూ "సలాం" చెప్పే మనిషి. ఆయనకు ముగ్గురు ఆడపిల్లలని ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో తెలుసుకున్నాను. మర్నాడు పొద్దున్న నుండి ఆయన ఊరుకోలేదు. ఎక్కడెక్కడి నుండో తాగునీటి డబ్బాలు తెచ్చి, ప్రతి అంతస్తుకీ మోశాడు. ముసలివారున్న ఇళ్ళకు ముందు, మాకు ఆఖరున.

మూడవ రోజు మన సంఘంలోని ఒక తమ్ముడు నడుములోతు నీళ్ళలో నడిచి వచ్చాడు. జగిత్యాల వైపు అబ్బాయి, ఏసీ పనులు చేస్తాడు, క్యాంపులో ఉంటాడు. నెత్తి మీద ప్లాస్టిక్ సంచిలో పాలపొడి, బ్రెడ్డు, బియ్యం. మా సూట్‌కేసులు చూసి, "ఇంటికి వోతున్నరా అన్నా?" అని అడిగాడు.

"లేదు తమ్ముడూ, మాల్దీవులకు అనుకున్నాము."

అతను కాసేపు ఆలోచించి, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అన్నాడు: "మంచిగుంటదట అన్నా. నాకైతే లీవు అంటే ఇంటికి వోవుడే. రెండేండ్లకోసారి ఇస్తరు. ఇంకోకాడికి కూడ పోవచ్చని నాకు ఎన్నడు తోచలే."

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ క్రేతు దగ్గర మంచిరేవులనే చోట ఆగింది. చలికాలం గడపడానికి ఆ రేవు అనుకూలం కాదు. ఫీనిక్సు అయితే బాగుంటుందని ఎక్కువమంది అన్నారు. ముందుకు వెళ్తే నష్టం కలుగుతుందని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి మాత్రం నావికుని మాట, ఓడ యజమానుని మాట నమ్మాడు. అది తెలివిలేని పని కాదు; నిపుణుల సలహా, ఎక్కువమంది ఓటు, పైగా దక్షిణపు గాలి మెల్లగా వీచింది. అన్ని గడులూ పచ్చగా ఉన్నాయి. తరువాత ఊరకులోను అనే పెనుగాలి. పద్నాలుగు రాత్రులు. ఓడ పోయింది, సరుకు పోయింది. 276 మందిలో ఒక్కరూ నశించలేదు.

వారు తేలిన చోటు మెలితే ద్వీపం, ఈనాటి మాల్టా. ఎవరి ప్రణాళికలోనూ లేని ద్వీపం. అక్కడ వాన, చలి. ఆ ద్వీపవాసులు వీరి భాష రానివారు, వీరి దేవుని ఎరుగనివారు. అయినా నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్నారు. లూకా ఆ దయను ప్రత్యేకంగా జ్ఞాపకముంచుకుని వ్రాశాడు. మరి అపొస్తలుడైన పౌలు ఏం చేస్తున్నాడు? పుల్లలు ఏరుతున్నాడు. నేను ముందే చెప్పాను కదా అని కూర్చోలేదు. మంటకు పుల్లలు కావాలి, అంతే. తరువాత పొప్లి తండ్రి కోసం ప్రార్థించాడు, రోగులు స్వస్థత పొందారు. మొదట మాత్రం పుల్లలే.

నేను ఫోను పక్కన పెట్టి, వాచ్‌మన్ భాయ్‌తో కలిసి నీళ్ళ డబ్బాలు మోయడం నాలుగవ రోజున గాని మొదలుపెట్టలేదు. ఆలస్యమే. అయినా మొదలుపెట్టాను.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నాకు పాఠం నేర్పడానికే దేవుడు ఆ వాన కురిపించాడని నేను చెప్పను. ఆ వానలో ఈ దేశంలోనూ, పక్కన ఒమాన్‌లోనూ మనుషులు చనిపోయారు. ఒమాన్‌లో చిన్న పిల్లలు కూడా. వారి కన్నీళ్ళను నా సాక్ష్యానికి అలంకారంగా వాడుకుంటే దేవుడు ఒప్పుకోడు. పౌలు పెనుగాలిని మెచ్చుకోలేదు. అందులో దేవుడు విడిచిపెట్టలేదని మాత్రం చెప్పాడు. నేనూ అంతే చెప్పగలను.

కరెంటు లేని ఆ రెండవ రోజు నా భార్య పదకొండు గంటలు నిద్రపోయింది. ఫోను లేదు, డ్యూటీ లేదు, నా షీటు లేదు. ఆమె అడిగిన గడి అదే. పగడపు దిబ్బలూ డాల్ఫిన్లూ నా కోసం పెట్టుకుని, ఆమె కోసమని చెప్పుకున్నానని అప్పుడు అర్థమైంది.

శనివారం కరెంటు వచ్చింది. అమ్మకు ఫోను చేశాను. ఎలా ఉన్నారు, తిన్నారా అని ఆమె అడుగుతుంటే ఆపి, "అమ్మా, నాకు సెలవు ఉంది. ఫిబ్రవరిలో నీతో అబద్ధం చెప్పాను" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అంది: "నాకు తెలుసు నాన్నా. కోడలు అప్పుడే చెప్పింది. మీరిద్దరూ వెళ్ళి కాస్త ఊపిరి పీల్చుకోవాలని నేను రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను. వెళ్తామంటే వద్దంటానా? దాచావు చూడు, అదే కష్టంగా ఉంది."

నేను ఎవరి నుండి ఆ వారాన్ని దాచానో, ఆమే ఆ వారం కోసం మోకాళ్ళ మీద ఉంది.

మార్కు 6వ అధ్యాయంలో శిష్యులు సేవ ముగించి వచ్చారు. భోజనానికి కూడా తీరిక లేదు. ప్రభువే వారిని ఏకాంతమైన చోటికి వచ్చి కొంచెం అలసట తీర్చుకోమని పిలిచాడు. విశ్రాంతి మన బలహీనత వల్ల దొంగతనంగా తీసుకునేది కాదు. ఆయనే పిలిచి ఇచ్చేది. అయితే పడవ దిగేసరికి అక్కడ జనసమూహం. ఏకాంతం పోయింది. ప్రభువు విసుగుకోలేదు, కనికరపడ్డాడు. అందరూ తిన్న తరువాత శిష్యులను ముందుగా పంపించి, జనులను పంపివేసి, ప్రార్థనకు ఒంటరిగా కొండకు వెళ్ళాడు. పోయిన ఏకాంతాన్ని మళ్ళీ వెదుక్కున్నాడు. ఆయన జనాన్నీ విడువలేదు, విశ్రాంతినీ విడువలేదు.

విశ్రాంతి దినపు ఆజ్ఞ (నిర్గమ 20:10) కూడా ఒక్కరి కోసం ఇవ్వబడలేదు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, గుమ్మములలో ఉన్న పరదేశి: అందరూ ఆ ఆజ్ఞలో ఉన్నారు. గల్ఫులో ఉన్న మనకంటే పరదేశి అనే మాట ఎవరికి బాగా తెలుసు? నా విశ్రాంతి మరొకరి విశ్రాంతిని మింగివేస్తే అది దేవుడు ఆజ్ఞాపించిన విశ్రాంతి కాదు.

కాబట్టి ప్రియులారా, ఈ సంవత్సరం మీరు ఏ ద్వీపానికైనా, ఏ ఊరికైనా వెళ్ళాలనుకుంటే సంతోషంగా వెళ్ళండి. టికెట్టు కొనకముందు మాత్రం ఈ ప్రశ్నలు వేసుకోండి. మేము ఇప్పుడు ఇంట్లో వేసుకుంటున్నవే ఇవి.

ఒకటి: ఈ ప్రయాణం గురించి ఎవరితోనైనా అబద్ధం చెప్పవలసి వస్తోందా? వస్తే, ఆగండి.

రెండు: అప్పు చేసి వెళ్తున్నామా? క్రెడిట్ కార్డు మీద వెళ్ళిన వారం, తిరిగివచ్చాక ఏడాదంతా మన విశ్రాంతిని తింటుంది.

మూడు: మనలో ఎక్కువ అలసిపోయినవారు ఎవరు? వారికి ఏమి కావాలో వారినే అడిగామా?

నాలుగు: ఖాళీ గడి ఉందా? ప్రార్థనకు, నిద్రకు, ఎదురుపడే మనిషికి. దేవుడు తన దర్శనాన్ని మన షీటులో బుక్ చేసుకుని రాడు.

ఐదు: సంఘంలో సెలవే లేని సహోదరుడు, సహోదరి ఎవరైనా ఉన్నారా? వారిని ఒక్క పూట ఇంటికి పిలిచి అన్నం పెట్టగలమా?

ఆరు: ఇది జరగకపోయినా ప్రభువును స్తుతించగలమా?

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ మే నెలలో ఊరికి వెళ్ళాము. మామిడికాయలు అప్పటికి చాలావరకు దింపేశారు. మా కోసం అమ్మ ఒక బుట్ట గడ్డిలో దాచి ఉంచింది. డిసెంబరులో అమ్మను విజిట్ వీసా మీద ఇక్కడికి తీసుకొచ్చాము. జాతీయ దినోత్సవపు సెలవులలో అబుదాబి పశ్చిమ తీరాన ఉన్న సర్ బనీ యాస్ ద్వీపానికి వెళ్ళాము. అక్కడ 1992లో ఒక పురాతన క్రైస్తవ మఠం బయటపడింది. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి తూర్పు సంఘపు సన్యాసులు అక్కడ నివసించి ప్రార్థించారు. ఇప్పుడు గోడల అడుగుభాగాలే మిగిలాయి. అమ్మ ఆ రాళ్ళ ముందు చెంగు తల మీద వేసుకుని చాలాసేపు నిలబడి, "ఇంత ఎండలో, ఈ నీళ్ళ మధ్యకు ఒక్క దేవుని కోసమే వచ్చారా వీళ్ళు?" అంది. తరువాత మా నలుగురి పేర్లు, జగిత్యాల తమ్ముడి పేరు, వాచ్‌మన్ భాయ్ ముగ్గురు ఆడపిల్లల సంగతి ఎత్తి ప్రార్థన చేసింది.

ఆ ప్రయాణానికి నేను షీటు తయారుచేయలేదని చెప్తే అబద్ధమవుతుంది. చేశాను. అందులో మధ్యాహ్నాలన్నీ ఖాళీగా వదిలేశాను. నా భార్య నిద్రపోయింది.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా దినములు నీ చేతిలో ఉన్నవని ఒప్పుకొనుచున్నాము. అలసిన మమ్మును నీవే పిలిచి విశ్రాంతినిమ్ము. మేము దాచుకొన్న రోజులను, దాచిపెట్టిన మాటలను క్షమించుము. దూరదేశములో మా కొరకు ఎదురుచూచు తల్లిదండ్రులను కాపాడుము. క్యాంపులలో సెలవు లేక శ్రమించు మా సహోదరులను జ్ఞాపకము చేసికొనుము. మేము అనుకొన్న చోటికి చేరినను, అనుకోని చోట తేలినను, అక్కడ మంటకు పుల్లలు ఏరు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.